తుప్పుకు తుప్పే కాపలా

గద్వాల చీరల కొట్లోకి వెళ్లి ‘నీలం చీర చూపించండి’ అంటే కొట్టాయన మన ముఖంకేసి ఒకసారి చూస్తాడు. ఏ నీలం? నెమలికంఠమా, పాలపిట్ట రంగా, నేరేడా? పాత రివాల్వర్ల విషయంలోనూ ఇదే చిక్కు. అమ్మకపు జాబితాల్లో అన్నిటికీ ‘బ్లూ ఫినిష్’ అనే రెండు మాటలే రాస్తారు. అలాంటివి నాలుగు తెచ్చి తెల్లగుడ్డ మీద పక్కపక్కన పెట్టి పొద్దుటి వెలుతురులో చూడండి. ఒకటి నెమలి మెడలా లోతుగా మెరుస్తుంది. ఒకటి కాటుక పూసినట్టుంటుంది. ఒకటి మాగిన నేరేడు పండు. ఇంకొకటి ఇటుకపొడి రాలినట్టు గోధుమరంగు తిరిగి ఉంటుంది. అన్నీ ఉక్కే, అన్నీ ఫ్యాక్టరీ గడప దాటినప్పుడు నీలమే.

ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని మీద సేకరణకర్తలూ మరమ్మతుదారులూ వందేళ్లుగా వాదించుకుంటున్నారు. వాడిన మందు తేడా అంటారు కొందరు, ఉక్కు తేడా అంటారు కొందరు, కాలం చేసిన పని అంటారు ఇంకొందరు. 1936లో ఆర్. హెచ్. ఏంజియర్ అనే ఆయన తుపాకుల నీలి, గోధుమ మెరుగుల మీదే ఒక పుస్తకం అచ్చేశాడు. పేజీల నిండా మందుల పాళ్లే. అందరి మాటలూ విన్నాక నాకనిపించేది ఇది: మందు గురించి చెప్పవలసినదానికన్నా ఎక్కువే చెప్పారు, ఆ మందు పడకముందు ఉక్కును సానబట్టిన చేతి గురించి తక్కువ చెప్పారు.

రాయచూరులో కూర్చుని రివాల్వర్ల నీలం గురించి రాయడమేమిటని అడిగేవాళ్లకు ఒక మాట. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న ఈ అంతర్వేది తుపాకీ ముఖం చూసి ఐదువందల ఏళ్లు దాటింది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టొవావ్ డి ఫిగ్యురెడో అనే పోర్చుగీసు వర్తకుడు ఇరవై మంది తుపాకీవాళ్లతో వచ్చి, గోడల మీద తల ఎత్తినవాణ్ణి ఎత్తినట్టు కాల్చాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. రివాల్వర్లు మాత్రం మూడు శతాబ్దాలు దాటాక వచ్చాయి. 1853 ఒప్పందంలో నిజాం తన బాకీల కింద బేరారు, నల్‌దుర్గ్‌లతోపాటు రాయచూరు అంతర్వేదిని ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టాడు. 1860లో ఇది తిరిగి నిజాం చేతికొచ్చింది. నడుమనున్న ఆ ఏడేళ్లలోనే లింగసుగూరు దండులోని ఇంగ్లిషు దొరల నడుములకు రివాల్వర్లు వేలాడాయి. సురపురం రాజా వెంకటప్ప నాయకుడి కథ ఇక్కడ చాలామందికి తెలుసు. 1858లో ఆయన్ని బందీగా చెంగల్పట్టు కోటకు తీసుకుపోతుండగా, కాపలా అధికారి కుర్చీకి తగిలించిన బెల్టులోని రివాల్వర్‌తో కాల్చుకున్నాడని మెడోస్ టేలర్ అనే ఇంగ్లిషు అధికారి తన ఆత్మకథలో రాశాడు. సురపురం జనం ఆ మాటను పూర్తిగా నమ్మరు. వాళ్ల అనుమానం వాళ్లది.

ఆ రోజుల్లో అధికారులు రివాల్వర్‌ను సొంత డబ్బుతో కొనుక్కునేవారు. వాళ్ల ముందున్న పెద్ద పేర్లు రెండు: లండన్‌లో రాబర్ట్ ఆడమ్స్ 1851లో పేటెంటు తీసుకున్నది, అమెరికావాడు కోల్ట్ 1851లో తెచ్చిన నేవీ నమూనా. కోల్ట్ 1853 నుంచి కొన్నేళ్లు లండన్‌లోనే ఫ్యాక్టరీ నడిపాడు. ఆ లండన్ కోల్టుల నీలం అమెరికాలో చేసినవాటికన్నా గాఢంగా, నలుపు వైపు మొగ్గి ఉంటుందని సేకరణకర్తల్లో పేరు. ఒకే నమూనా, ఒకే యజమాని, రెండు ఊళ్లు, రెండు నీలాలు. మన చర్చంతా ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది.

ముందు అసలు నీలం అంటే ఏమిటో చూద్దాం. ఇది రంగు కాదు, పూత కాదు. ఇనుము ప్రాణవాయువుతో కలిసి చేసుకునే తుప్పే. తుప్పుల్లో రెండు జాతులున్నాయి. ఎర్రది పొడిపొడిగా ఉబ్బి, పొర రాలి, కింద కొత్త ఇనుమును తినడానికి దారి చేస్తుంది. నల్లది, లోహశాస్త్రంలో మాగ్నటైట్ అనేది, ఇనుమును గట్టిగా కరుచుకుని కూర్చుంటుంది, నూనెను కాస్త పట్టుకుంటుంది, ఎర్ర తుప్పును కొంతకాలం ఆపుతుంది. తుపాకీకి నీలం పట్టించడమంటే దొంగను కాపలాకు పెట్టడం లాంటిది. పొర మందం మైక్రాను అటూ ఇటూగా ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు. అంత పలచని కాపలాదారు నూనె తోడు లేకుండా వానాకాలం దాటించలేడు.

అయితే నల్ల తుప్పు నల్లగా ఉండాలి గదా, నీలం ఎందుకైంది? దీనికి జవాబు మన ఊరి కమ్మరికి తెలుసు. ఉలికి పదును పెట్టేటప్పుడు వేడెక్కుతున్న ఉక్కు మీద రంగులు వరసగా పరుగెత్తుతాయి. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి పసుపు, ఇంకా పైకి గోధుమ, 280 దగ్గర ఊదా, 300 చుట్టుపక్కల పాలపిట్ట నీలం, అది దాటితే బూడిదరంగు. కమ్మరి తనకు కావలసిన రంగు దగ్గర ఉలిని నీళ్లలో ముంచేస్తాడు. ఆ రంగులు ఏ మందువీ కావు. మైక్రానులో పదో వంతు కూడా లేని పొర పైభాగం నుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని రంగులు చెరిగి కొన్ని మిగలడం వల్ల వచ్చేవి. దసరాకు మనం వెతుక్కునే పాలపిట్ట రెక్కలోనూ నీలం రంగుపదార్థం లేదు, ఈకలోని అతి సన్నని అమరిక కాంతితో ఆడే ఆటే ఉంది. కర్ణాటకకూ తెలంగాణకూ రాష్ట్ర పక్షి అదే కాబట్టి ఈ పోలిక సరిహద్దుకు రెండువైపులా చెల్లుతుంది.

ఈ కమ్మరి నీలాన్నే తుపాకీ ఫ్యాక్టరీలు చిన్న భాగాలకు వాడాయి. కొలిమికి బదులు కరిగిన సురేకారంలో ముంచితే వేడి అన్నివైపులా సమంగా తగిలి, మచ్చలేని నీలం వస్తుంది. పాత కోల్టుల మర మేకులు, పిన్నులు, కొన్నిటి ట్రిగ్గర్లు ఈ నీలంతో వెలిగేవి. చూడ్డానికి దీన్ని మించింది లేదు. నిలవడంలో మాత్రం దీనికన్నా పేదది లేదు. పొర మరీ పలచన, వేలి రాపిడికే పోతుంది. నూరేళ్ల రివాల్వర్ మేకు తలల మీద పాలపిట్ట రంగు ఇంకా ఉందంటే రెండే మాటలు: ఆ తుపాకీ పెట్టె దాటలేదు, లేదా ఆ మేకుకు నిన్న మొన్న మళ్లీ వేడి తగిలింది.

గొట్టానికీ సిలిండర్‌కూ ఇంకాస్త గట్టి పద్ధతి కావాలి. పంతొమ్మిదో శతాబ్దంలో కోల్ట్ లాంటివాళ్లు సానబట్టిన భాగాలను బొగ్గుపొడి మధ్య కొలిమిలో మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో ఉంచి, నడుమ నడుమ తీసి తుడిచి, మళ్లీ పెట్టేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ గ్యాస్ ఫర్నెస్ కంపెనీ తిరిగే కొలుములు చేసి ఆ పనిని యంత్రానికి అప్పజెప్పింది. అందులో ఎముక బొగ్గుతోపాటు కార్బోనియా అనే నూనె పోసేవారు. స్మిత్ అండ్ వెసన్ దశాబ్దాలపాటు ఈ దారినే నడిచింది. నెమలికంఠం అని నేను మొదట అన్నది దీన్నే. దగ్గరపెట్టి చూస్తే నలుపులోంచి నీలం పైకి తేలుతున్నట్టుంటుంది.

దీనికో జబ్బుంది. ఇది అరగదు, పెచ్చులూడుతుంది. పాత కోల్ట్ గొట్టం మీద నీలం ఒకచోట నిండుగా ఉండి, గోరంత దూరంలో ఒక్కసారిగా తెల్లటి ఉక్కు బయటపడి, అంచులు పగిలిన గోడసున్నంలా కనిపిస్తాయి. కొత్తగా చూసేవాళ్లు ఎవరో గీకారని పొరబడతారు. పొర పొరగా ఊడటమే ఆ నీలానికి పుట్టు గుర్తు, నన్నడిగితే అసలుదనపు సాక్ష్యాల్లో మొదటిది.

మూడో దారి పూర్తిగా వేరు, అంతర్వేదిలో ఎక్కువమంది కళ్లజూసిందీ అదే. మా సింధనూరు, మాన్వి వైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపుల్లో స్థిరపడ్డ తెలుగు రైతుల ఇళ్లలో రివాల్వర్లు అరుదు. పంట కాపలా లైసెన్సు మీద తీసుకున్న జంట గొట్టాల తుపాకులు అక్కడక్కడా ఉంటాయి. ఆ రెండు గొట్టాలనూ పలచని టంకంతో అతికిస్తారు. కొలిమి వేడికి టంకం కరుగుతుంది, ఘాటైన కాస్టిక్ ద్రావణం దాన్ని తినేస్తుంది. అందుకని వాటికి చల్లటి పద్ధతే గతి: ఆమ్లపు మందు తుడిచి, తేమ గదిలో పెట్టి ఎర్ర తుప్పు పట్టనిచ్చి, దాన్ని మరిగే నీళ్లలో వేసి నల్ల తుప్పుగా మార్చి, సన్నతీగల కుంచెతో పొడి రాల్చి, మళ్లీ మొదటికి. ఐదారుసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజుల పని. మరిగించడం మానేస్తే నలుపు రాదు, గోధుమరంగు వస్తుంది. పాతకాలపు మందుగుండు తుపాకుల గోధుమ మెరుగు అదే. అంటే నలుపుకూ గోధుమకూ మధ్య ఉన్నది ఒక గిన్నెడు వేడినీళ్లు! ఈ తుప్పు నీలం మెరవదు, కళ్లను చల్లగా తాకుతుంది. పెచ్చులూడదు, అంచుల దగ్గర మెల్లగా వెలిసిపోతుంది. నిలకడలో అన్నిటికన్నా ఇదే మేలన్నది చాలామంది పనివాళ్ల మాట, నాదీ అదే.

ఈ మందుల పాళ్లు చదివితే పాత కిరాణా కొట్టులో నిలబడ్డట్టే ఉంటుంది. మయిలుతుత్తం, నవాసాగరం, అన్నభేది, సురేకారం. బీదరు పనివాళ్లకు ఈ పేర్లు కొత్తకావు. కొద్దిగా రాగి కలిపిన తుత్తునాగం పాత్ర మీద వెండి తీగ పొదిగి, కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి ఉడికించి రాస్తే తుత్తునాగం కాటుకలా నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. ఒకే మందు ఒక లోహాన్ని మార్చి పక్క లోహాన్ని వదిలేయడం బీదరు విద్యకు ప్రాణం. తెలంగాణ కోనసముద్రం ఉక్కు ఇంకోరకం. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఆ ఉక్కును వర్ణిస్తూ హెన్రీ వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇంగ్లిషువాళ్లు ‘వూట్జ్’ అన్న మాట తెలుగు కన్నడాల ‘ఉక్కు’ నుంచే వెళ్లిందని అంటారు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తి మీద అన్నభేది నీళ్లు రాస్తే లోపలి అలల చార బయటపడుతుంది. అక్కడ మందు పని రంగు వేయడం కాదు, ఉన్నదాన్ని చూపించడం. రివాల్వర్ నీలం ఈ రెంటికీ నడిమిది. రంగూ వేస్తుంది, కింద పని ఎలా జరిగిందో కూడా చూపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇవన్నీ వెనకబడ్డాయి. కాస్టిక్ సోడా, నైట్రేటు ఉప్పులు నీళ్లలో కలిపి 140 డిగ్రీల దగ్గర మరిగించి, భాగాలను అరగంట ముంచి తీస్తే పని అయిపోతుంది. బుట్టకు వంద ముంచవచ్చు, చేయి తిరిగిన పనివాడు అక్కర్లేదు. ఇప్పటి ఫ్యాక్టరీ నలుపుల్లో ఎక్కువ భాగం దీని సంతానమే. కాటుక నలుపు ఇదే. ఉక్కులో సిలికాన్ పాలు ఎక్కువైనా, తొట్టి వేడి అదుపు తప్పినా నేరేడు రంగు తిరుగుతుంది. అందుకే ఒకే తుపాకీలో గొట్టం నల్లగా, ఫ్రేము నేరేడుగా కనిపిస్తే వెంటనే భాగాలు మార్చారని తీర్పు చెప్పకూడదు. రెండు ఉక్కులు ఒకే తొట్టిలో రెండు జవాబులు చెప్పి ఉండొచ్చు.

యుద్ధపు తొందర మెరుగును ఎలా తినేసిందో చూడాలంటే వెబ్లీ రివాల్వర్లను వరసగా పెట్టాలి. 1887లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మొదటి మార్కు నుంచి 1915 నాటి ఆరో మార్కు దాకా వచ్చేసరికే సాన తగ్గుతుంది. తరువాతి యుద్ధంలో .38 వెబ్లీల మీద కంపెనీ తనే ‘వార్ ఫినిష్’ అని ముద్ర కొట్టింది. ‘ఇంత మొరటుగా చేసింది మేమే, యుద్ధం కాబట్టి, క్షమించండి’ అని దాని అర్థం. తన పనికి తనే సంజాయిషీ చెక్కుకున్న ఫ్యాక్టరీ నాకు ఇంకోటి తెలియదు. అదే కాలంలో స్మిత్ అండ్ వెసన్ విక్టరీ నమూనా నీలాన్నే వదిలేసి ఫాస్ఫేటు బూడిదరంగుకు మారింది.

ఇక సాన సంగతి. నీలం అద్దం లాంటిది, దాని వెనక ఉన్నదే కనిపిస్తుంది. ఉక్కు మీద ఆకురాయి గీతలు మిగిలితే ఎంత మంచి కొలిమిలో పెట్టినా కాంతి చెల్లాచెదురై రంగు నల్లగా, చచ్చుగా కనిపిస్తుంది. గీత లేకుండా తోలు చక్రం మీద నునుపు చేసిన ఉక్కు మీద అదే పొర లోతుగా, నీలంగా మెరుస్తుంది. 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్‌కు పట్టించిన నీలానికి ‘రాయల్ బ్లూ’ అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఏదో రహస్య మందు ఉందనుకున్నవాళ్లు చాలామంది. రహస్యమంతా సానచక్రాల దగ్గర గడిచిన గంటల్లో ఉంది. లండన్ కోల్ట్ గాఢత్వాన్ని కూడా నేను ఈ లెక్కలోనే చూస్తాను.

ఒక పొరపాటును ఇక్కడే సర్దాలి. 1873 కోల్ట్ సింగిల్ ఆక్షన్‌లో గొట్టం, సిలిండర్ నీలం, ఫ్రేము మాత్రం నూనె తెట్టు కట్టిన నీళ్లలా రంగురంగులుగా ఉంటుంది. అది అరిగిన నీలం కాదు. ఎముక బొగ్గులో, తోలు బొగ్గులో కాల్చి నీళ్లలో వేసి పైచర్మాన్ని గట్టిపరచినప్పుడు వచ్చిన రంగులు. రెండిటినీ కలిపి ‘నీలం పోయింది’ అని, ఆ ఫ్రేముకు కూడా నలుపు పట్టించి తుపాకీ విలువను సగానికి దించుకున్నవాళ్ల కథలు సేకరణకర్తల మధ్య కొల్లలు.

మళ్లీ నీలం పట్టించవచ్చా అన్న ప్రశ్న దగ్గరే గొంతులు పెరుగుతాయి. రోజూ వాడే తుపాకీకి పట్టిస్తే తప్పేముందని మరమ్మతుదారు అంటాడు. పాతది పోతే తిరిగి రాదని సేకరణకర్త అంటాడు. నేను సేకరణకర్త పక్షం, నీలం కోసం కాదు, దాని కిందికోసం. మళ్లీ సానబట్టినప్పుడు అంచులు గుండ్రబడతాయి, మేకు రంధ్రాల చుట్టూ పళ్లెంలా లోతు పడుతుంది, కంపెనీ అక్షరాలు కొట్టినప్పుడు పక్కకు లేచిన సన్నని గట్టు చదునైపోతుంది. ఇవన్నీ చదవగలిగిన సాక్ష్యాలు. తుప్పు తిన్న గుంటను చూడండి. గుంట లోపల కూడా నీలం ఉంటే గుంట ముందు పడింది, నీలం తరువాత వచ్చింది. గుంట మొండిగా, చుట్టూ మాత్రమే నీలం ఉంటే ఆ నీలం పాతది. పురావస్తువాళ్లు మస్కి దిబ్బలో పొరలు చదివినట్టే, కొలత మాత్రం సూది మొనంత. స్మిత్ అండ్ వెసన్‌కే తిరిగి పంపి మెరుగు పెట్టించినవాటికి పిడి అడుగున నంబరు దగ్గర చిన్న నక్షత్రం ముద్ర కనిపిస్తుంది. ఆ పనిని నేను తప్పుపట్టను, దాచలేదు కాబట్టి.

మన దేశంలో దీనికి ఇంకో ముడి ఉంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు చేసేవాడికీ లైసెన్సు ఉండాలి. అదే చట్టం 8వ సెక్షన్ తుపాకీ మీది గుర్తింపు ముద్రలను చెరపడం నిషేధించింది. అతిగా సానబట్టిన చేతి కింద నంబరు మసకబారితే, అందం కోసం చేశానన్న మాట ఠాణాలో ఎంతవరకు చెల్లుతుందో యజమానే ఆలోచించుకోవాలి.

ఇంట్లో రాసుకునే చల్లని నీలం సీసాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అందులో ఉన్నది సెలీనియం, రాగి ఉప్పు. అది ఇనుము తుప్పే కాదు, పైన పేరుకున్న వేరే పదార్థం. గీత దాచడానికి పనికొస్తుంది, చేత్తో నాలుగు నెలలు పట్టుకుంటే పోతుంది.

నీలానికి నిజమైన శత్రువులు మందులు కావు, మన వేళ్లూ మన అలవాట్లూ. రాయచూరు ఎండలో అరచేతి చెమట ఉప్పు ఒక్క రాత్రిలో వేలిముద్రను ఉక్కు మీద అచ్చేస్తుంది. తోలు ఒర ఇంకా ప్రమాదం. తోలును ఊనిన ఉప్పులూ ఆమ్లాలూ అందులో మిగిలి, తేమను పీల్చి, తుపాకీని రాత్రంతా తడిగుడ్డలో చుట్టినట్టు ఉంచుతాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పజెప్పమంటుంటారు. అప్పజెప్పేటప్పుడు ఒరతో ఇచ్చి, నెలల తరువాత ఒరతోనే తెచ్చుకుని, విప్పి చూసి ఏడ్చినవాళ్లున్నారు. ఒర ఇంట్లో పెట్టుకుని, తుపాకీకి పలచగా నూనె రాసి గుడ్డలో చుట్టి ఇస్తే సరిపోతుంది. వంటనూనెలు వద్దు, ఆరి జిగురు కడతాయి. కుట్టుమిషన్ నూనె నయం.

1965లో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60 పేరుతో స్టెయిన్‌లెస్ ఉక్కు రివాల్వర్ తెచ్చాక ఈ బాధలన్నీ చాలావరకు తగ్గాయి. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ మహిళల కోసమని తెచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంది, దానికి ఈ తుప్పు విద్యతో పనిలేదు. నీలం కొలుములు ఆరిపోవడం తుపాకీలు మెరుగుపడ్డందుకే. విచారపడాల్సింది పెద్దగా లేదు, కళ్లకు తప్ప.

తాతల నాటి రివాల్వర్ ఇంట్లో ఉండి, మీద గోధుమరంగు తిరిగి, ఏం చేయాలో తోచనివాళ్లు ముందు అది ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ఉతికిన పాత పంచె ముక్క మీద చుక్క నూనె వేసి గొట్టాన్ని ఒకసారి తుడవండి. గుడ్డకు ఎర్రగా అంటితే తుప్పు ఇంకా తింటోంది, లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించండి. ఏమీ అంటకపోతే, లేదా లేత మురికి మాత్రమే అంటితే, ఆ గోధుమరంగు నిలకడపడ్డ పాత నీలమే. దాన్ని ముట్టుకోకండి.